ఏడో టేకులో ఈల

దయ్యం సినిమాల్లో మీరు విన్న చప్పుళ్ళలో కొన్ని నేను చేసినవే. వెనక నుంచి వచ్చే గజ్జెల చప్పుడు మా అమ్మ తాళాల గుత్తి. తలుపు కిర్రుమన్న చప్పుడు మా స్టూడియో క్యాంటీన్‌లోని పాత ఇనప కుర్చీ. చెవి పక్కన ఊపిరి మా రికార్డిస్టు ప్రసాద్ గారిది, ఆయనకు జలుబు చేసిన రోజున పట్టి దాచుకున్నాను.

పదిహేడేళ్ళుగా ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటర్‌గా ఇదే నా పని. వంట చేసేవాళ్ళకు వాసనకే కడుపు నిండినట్టు, భయం తయారు చేసేవాళ్ళకు భయం మొహం మొత్తిపోతుంది. పైగా మాది బాపట్ల దగ్గరి క్రైస్తవ కుటుంబం. దయ్యం అన్న మాట ఎత్తితే నాన్న నవ్వేవారు, అమ్మ కసిరేది. నేను రెండూ చేసేదాన్ని కాదు, నాకు ఆ మాట పట్టేదే కాదు.

అందుకని ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

పోయిన చలికాలంలో మా దగ్గరికి ఒక అడవి సినిమా వచ్చింది. తాతల కాలం కథ. అందులో వేటగాడి చేతిలో బర్మారు తుపాకి ఉంటుంది. అంటే మూతిలోంచి మందు కూరి పేల్చే నాటు తుపాకి. మా దగ్గర ఉన్న తుపాకి చప్పుళ్ళన్నీ వినిపించాం. డైరెక్టర్ ఒక్కటీ ఒప్పుకోలేదు. "ఇవన్నీ పోలీసు తుపాకులండీ. నాకు ఆ పాత తుపాకే కావాలి" అన్నాడు. అసలుదాన్నే పేల్చి రికార్డు చేద్దామని నిర్ణయమైంది.

తుపాకి దొరికింది. లైసెన్సు ఉన్న ఒకాయన దగ్గర ఉంది. దాన్ని పేల్చడం తెలిసినవాడే దొరకలేదు. అప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు నర్సింలు తాత పేరు చెప్పారు.

నర్సింలు తాతకు డెబ్బై నాలుగేళ్ళు. ఫిల్మ్‌నగర్ బస్తీలో, గుట్ట మీద ఒకే గదిలో ఒక్కడే ఉంటాడు. సినిమాలకు కర్ర తుపాకులు చెక్కడం, టపాసు తుపాకులు బాగుచేయడం ఆయన పని. సొంత ఊరు వికారాబాద్ వైపు కొండల్లో. పెళ్ళి చేసుకోలేదు.

నేను వెళ్ళేసరికి గడప మీద కూర్చుని ఒక కర్ర తుపాకి మడమకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. సంగతి చెప్పాను. తల ఎత్తకుండానే అన్నాడు:

"బర్మారు నేను ముట్టి యాభై ఏండ్లయింది బిడ్డా. వేరేటోళ్ళను చూసుకోండ్రి."

నాకు వేరేవాళ్ళు లేరు. పోనీ ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పమన్నాను, చెబితే నేనే తయారు చేసుకుంటానని. దానికి మాత్రం రుద్దడం ఆపాడు.

"అది ఒక్క చప్పుడు కాదు, మూడు. గుర్రం, గదే ఎనకాల సుత్తె, పడి మందు టోపీ పగిలేది ఒకటి, టప్పుమని. ఎంబడే బుస్సుమని మందు అంటుకునేది. అటెన్క దుబ్బుమని. ఈ మూడిట్ల నడుమ సందు ఉంటది, రెప్ప కొట్టినంత. గా సందుల కౌజు పిట్ట లేసి పోతది కూడా. అటెన్క నాలుగోది..."

అక్కడ ఆగిపోయాడు. నాలుగోది ఏమిటని అడిగాను. ఏం లేదన్నాడు. కానీ నేను లేచేటప్పుడు, తుపాకి ఒకసారి తెచ్చి చూపించమన్నాడు.

ఆ తర్వాత మూడు నాలుగు మధ్యాహ్నాలు ఆయన దగ్గర కూర్చున్నాను. ఒకసారి మొదలుపెడితే తాత ఆగే మనిషి కాదు. వేట ఇప్పుడు నేరం, నేరం కావడమే మంచిదని ఆయనా అంటాడు. "ఇప్పుడు కొడ్తవా అంటే కొట్ట. పిట్టలే లేవు, ఏం కొడ్త" అన్నాడు. కానీ ఆ తుపాకి గురించి మాట్లాడుతుంటే ఆ కళ్ళు పద్దెనిమిదేళ్ళ వాడివి.

వెదురు గొట్టంతో కొలిచి మందు పోయాలి. దాని మీద కొబ్బరి పీచు ఉండ. కడ్డీతో దిగగొట్టాలి. కడ్డీ దానంతటది ఎగిరి చేతికి వస్తే కూరుడు కుదిరినట్టు. అప్పుడు సీసపు గుండ్లు గుప్పెడు, మళ్ళీ పీచు, మళ్ళీ కడ్డీ. చివర టోపీ. ఒక బీడీ కాలేంత సేపు పడుతుంది. ఒక దెబ్బ తప్పితే రెండో దెబ్బ లేదు, ఈలోగా పిట్టలు పక్క గుట్టకు పోతాయి.

"గందుకే ఊకె కొట్టబుద్ధి కాదు. పదిసార్లు ఎత్తితే తొమ్మిదిసార్లు దించుతుంటిమి. దించినంక గా పిట్టను సూస్కుంట కూసుంటుంటిమి. మెడ మీది గీతలు లెక్కపెట్టేంత దగ్గర. కూర కోసం పోతుంటిమని ఊర్లె అనుకునేటోళ్ళు. మాకు కూర యాడిది బిడ్డా, సగం దినాలు ఉత్త చేతులే. గా ఎత్తి దించే కాడనే ఉంటుండె మజా అంతా."

ఇంకో మాట కూడా అన్నాడు. ఈ తుపాకి పేలగానే తెల్లటి పొగ లేచి అన్నిటినీ కప్పేస్తుందట. తగిలిందో తప్పిందో తెలియదు. పొగ తేలిపోయేదాకా నిలబడాల్సిందే. తేలిపోయాక చెట్లు, రాళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ కనబడుతుంటే అప్పుడే పుట్టినట్టుంటాయట.

నా పనీ అలాంటిదే. నిశ్శబ్దంలో చాలాసేపు కూర్చుని, ఒక్క చప్పుడు పట్టుకోవడం. అందుకే కాబోలు, చీమను కూడా చంపని నాకు ఆ మాటలు నచ్చాయి. తాత కూడా మెత్తబడ్డాడు. చివరికి పేలుస్తానని ఆయనే అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో ఒక పాత స్టూడియో వెనక ఇంకా కొట్టేయని బండలు ఉన్నాయి. నిర్మాణ సంస్థ వాళ్ళు పోలీసు అనుమతి తీసుకున్నారు. గుండ్లు ఉండవు, ఉత్త మందు, కాగితం ఉండలు మాత్రమే. ట్రాఫిక్ మొదలవకముందే పని కావాలి కనుక ఒక ఆదివారం పొద్దున ఆరింటికి పెట్టుకున్నాం. అమ్మకు చర్చిలో రెండో ఆరాధనకు వస్తానని చెప్పి మోతీనగర్‌లోని మా ఇంట్లోంచి బయల్దేరాను.

అక్కడ ఉన్నది నలుగురం. నేను, ప్రసాద్ గారు, నర్సింలు తాత, అనుమతి కాగితంతో వచ్చిన ఒక కానిస్టేబుల్. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కానీ అది చాలా దూరం, మధ్యలో రెండు షూటింగ్ ఫ్లోర్లు.

నాలుగు మైకులు పెట్టాం. ఒకటి తుపాకి పక్కన. ఒకటి పది అడుగుల వెనక. మూడోది పక్కన ప్రహరీ గోడ దగ్గర. నాలుగోది ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే తాతే చూపించాడు. ఎదురుగా, కొంచెం కుడికి, అరవై అడుగుల దూరంలో రెండు బండల మధ్య ఒక సందు ఉంది. "గాడ పెట్టుండ్రి" అన్నాడు. ఎందుకని అడగలేదు. ప్రతిధ్వనికి మంచి చోటే అనిపించింది.

ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించాను. రికార్డర్‌లో కొత్త కార్డు వేశాం. ఈ వివరాలన్నీ ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పది టేకులు చేశాం. తాత చెప్పిన మూడు చప్పుళ్ళూ విడివిడిగా వినబడ్డాయి. మంచులో పొగ కదలకుండా నిలబడిపోయింది. ఎదురుగా బండలు కనబడలేదు.

ఒక విషయం మాత్రం గమనించాను. పేల్చిన ప్రతిసారీ తాత తుపాకి దించి, మెడ కొంచెం పక్కకు వంచి, కదలకుండా నిలబడేవాడు. పొగ పోయేదాకా కాదు, ఇంకా ఎక్కువసేపు. నేను కట్ చెప్పినా కదిలేవాడు కాదు. "పెద్దాయనకి చెవులు దిబ్బళ్ళు పడ్డాయేమో సుజాతా" అన్నారు ప్రసాద్ గారు. మళ్ళీ పిలిస్తే ఉలిక్కిపడి, మందు పోయడం మొదలుపెట్టేవాడు.

ఎనిమిదింటికల్లా ముగించాం. నేను రెండో ఆరాధనకు అందుకున్నాను కూడా.

సోమవారం ఎడిటింగ్ రూమ్‌లో ఒక్కో టేకూ విన్నాను. అన్నీ బాగున్నాయి. ఏడో టేకు దగ్గర హెడ్‌ఫోన్స్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను.

దెబ్బ పేలిన నాలుగు సెకన్లకు ఈల ఉంది. మొదట పొడుగ్గా ఒకటి, వెంటనే పొట్టిగా ఒకటి. నోటితో వేసిన ఈల. దానికి ముందు ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు కూడా ఉంది, ఎగపీల్చినట్టు, కష్టపడి తీసుకున్నట్టు.

అక్కడ మాలో ఎవరూ ఈల వేయలేదు. ఎవరూ వినలేదు కూడా.

ఇక నా వృత్తి ప్రకారం చేయాల్సినవన్నీ చేశాను. ఆ ఈల నాలుగో మైకులో ఒక్కదాంట్లోనే ఉంది. తాత బండల సందులో పెట్టించిన మైకు అది. మిగతా మూడింట్లో లేదు. అంత స్పష్టమైన ఈల బయటెవరైనా వేస్తే గోడ దగ్గరి మైకులో కొంచెమైనా పడాలి. పడలేదంటే మైకుకు జానెడు దూరంలో నోరు పెట్టి వేయాలి. అలా వేయాలంటే మనిషి ఎండుటాకుల మీద నడిచి ఆ సందులోకి వెళ్ళాలి, మళ్ళీ బయటికి రావాలి. అడుగుల చప్పుడు లేదు. ఆకు కదిలిన చప్పుడు లేదు.

కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి అడిగాను. "నేను కుర్చీల కూసున్న మేడం, చాయ్ తాగుతున్న. ఈల ఎందుకేస్త" అన్నాడు. ప్రసాద్ గారు ఆ పొద్దున అంతసేపూ నా పక్కనే ఉన్నారు. పిట్టలు తెలిసిన ఒక స్నేహితుడికి ఆ ముక్క పంపాను. తనకు తెలిసిన ఏ పిట్టా కాదని, మనిషేనని జవాబిచ్చాడు. రికార్డర్‌ను కంపెనీ మెకానిక్ చూశాడు. దోషం లేదన్నాడు.

ఇక మిగిలింది నర్సింలు తాత. బుధవారం మధ్యాహ్నం స్టూడియోకు పిలిపించాను. నాకు ఆ క్షణం దాకా భయం లేదు, చిరాకు ఉంది. ఈయనే ఎలాగో వేసి ఉంటాడు, అడిగేద్దాం అనుకున్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. దెబ్బకు తల ఊపాడు. ఆ తర్వాత నాలుగు సెకన్లు. తాత రెండు చేతులూ హెడ్‌ఫోన్స్ మీద పెట్టుకుని అదుముకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక చాలాసేపు తీయలేదు.

"ఇంకోపారి పెట్టు బిడ్డా."

పెట్టాను. అలా ఐదుసార్లు విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, నీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగాక చెప్పాడు.

వాళ్ళు ఇద్దరు. ఆయన, ఆయన స్నేహితుడు అంజయ్య. ఇద్దరికీ కలిపి ఒకే తుపాకి. ఒకడు తుపాకి పట్టి కూర్చుంటే రెండోవాడు దూరంగా పోయి పొదల్లోంచి పిట్టల్ని లేపేవాడు. పేలగానే పొగ కమ్ముతుంది, ఎదురుగా ఎవరున్నారో తెలియదు. అందుకని వాళ్ళు ఒక కట్టు పెట్టుకున్నారు. దెబ్బ పేలగానే రెండోవాడు ఈల వేయాలి. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. నేను మంచిగున్న, గిక్కడున్న అని. ఆ ఈల వినబడేదాకా తుపాకి పట్టినవాడు అడుగు తీయకూడదు.

ఆయన ఆ రోజు ఆపేసిన నాలుగో చప్పుడు ఇదే.

"ఆ దినం నేను పట్టిన తుపాకి. మంచు మస్తు ఉండె. కౌజులు లేసినయ్, కొట్టిన. పొగ. నిలబడ్డ. ఈల రాలే. ఇంకా నిలబడ్డ. రాలే. వానికే తగిలిందనుకున్న బిడ్డా. పోయి సూడాలె గద. పోలే. కాళ్ళు అటు పోలే. తుపాకి ఆడనే పడేసి రోడ్డు దాక ఉర్కిన. లారీ ఎక్కి పట్నం వచ్చిన. ఇరవై రెండేండ్లు నాకు."

వారం తర్వాత తమ ఊరివాడు ఒకడు బజారులో కనబడి, అంజయ్య చనిపోయాడని చెప్పాడట. ఎలా అని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.

"అంజయ్య పెండ్లాం లచ్చమ్మ ఇప్పుడు బోరబండల ఉంటది, బిడ్డ కాడ. ఇరవై ఏండ్ల సంది తెలుసు నాకు. ఆ దిక్కు పోయే బస్సు కూడ ఎక్కలే నేను."

బోరబండ అంటే మా మోతీనగర్ పక్కనే. ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి ఆటోలో అరగంట పట్టదు.

ఇది మీ అంజయ్య అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. తాత కూడా ఆ మాట అడగలేదు. లేచి, తలుపు దగ్గర ఆగి అన్నాడు:

"నువ్వొస్తవా బిడ్డా. ఒక్కన్నే పోతే వాళ్ళ సందు కాడికెల్లే ఎన్కకు మళ్ళొస్త."

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. తాత ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. సందు మొదట్లో నిజంగానే ఆగిపోయాడు. నేను ముందు నడిచాను, వెనక ఆయన చెప్పుల చప్పుడు వస్తోందో లేదో వింటూ.

అంజయ్య చనిపోయినప్పుడు కడుపులో ఉన్న పిల్లట యాదమ్మ. ఇప్పుడు ఆమెకే యాభై దాటాయి. ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతోంది. లచ్చమ్మ లోపల మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తి నన్ను చూసింది, నా వెనక చూసింది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"నర్సింలువా" అంది.

తాత తల ఊపాడు.

"వచ్చినవా" అంది. అంతే. లేచి లోపలికి వెళ్ళి, రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి మా చేతికిచ్చింది.

తాత నీళ్ళు తాగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడే అడిగాడు. యాభై ఏళ్ళు దాచుకున్న మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"నా గుండ్లే తగిలినయా లచ్చమ్మా?"

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అప్పటికి మేం రికార్డింగ్ గురించి ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈల అన్న మాట మా ఇద్దరి నోట్లోంచీ రాలేదు. నేను ఈ విషయం మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. రాలేదు.

లచ్చమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది.

"గిదా నువ్వు అనుకున్నది? గిన్నేండ్లు?" అంది. "ఒక్క గుండు లేదయ్యా ఆయన ఒంటి మీద. బండ మీదికెల్లి జారిండు. నువ్వు కొట్టే ముందట్నే జారిండట. రెండు బండల నడుమ పడ్డడు. రొమ్ము బొక్కలు ఇరిగినయ్. పగటీలి, ఎండ నెత్తి మీదికొచ్చే దాంక ఆడనే ఉన్నడు. గొర్లకాపరోళ్ళు సూసి మంచం మీద ఏసుకొచ్చిండ్రు. తెల్లారగట్ల దాక ఉండె పానం."

తాత చేతిలోని గ్లాసు అందుకుని కింద పెట్టాను.

"నిన్నే యాది చేసిండు. వాడు బెదిరి ఉంటడు, వానికి చెప్పు, నేను ఈల ఏసిన అని చెప్పు, దమ్ము సరిపోలే, వానికి ఇనబడలే, గని ఏసిన అని చెప్పు. గదే మాట. రాత్రంత గదే మాట. గిది నీకు చెప్పెటందుకు యాభై ఏండ్ల సంది సూస్తున్న. నువ్వు రాకపోతివి."

ఆ ఎగపీల్చిన ఊపిరి నా చెవిలోనే ఉంది, మూడు రోజులు అదే విన్నాను.

తాత కింద కూలబడ్డాడు. ఏడవలేదు. నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు, నీళ్ళలోంచి లేచినవాడిలా. లచ్చమ్మ ఆయన్ని ఓదార్చలేదు. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు మళ్ళీ ఒళ్ళో వేసుకుంది.

"సంపింది నువ్వు కాదు. గని ఉర్కినవ్ సూడు, గది నీదే. పోయి సూస్తే బతికేటోడో ఏమో, నాకు తెల్వదు. గది నీ మీదనే ఉంటది. నేను తీసేది కాదు గది."

"ఉండనీ" అన్నాడు తాత. "గది నాదే."

"అన్నం తిన్నవా?" అంది లచ్చమ్మ.

తినలేదన్నాడు. యాదమ్మ మిషను ఆపి లేచి, ముగ్గురికీ కంచాలు పెట్టింది. పుట్టకముందే పోయిన తండ్రి స్నేహితుడి కంచంలో ఆమె కూర రెండుసార్లు వేయడం చూశాను.

తిన్నాక తాతే చెప్పమన్నాడు, నేను రికార్డింగ్ సంగతి చెప్పాను. నా ఫోన్‌లో వినిపించాను. లచ్చమ్మ మూడుసార్లు వింది. ఇది ఆయన ఈలేనని అంటుందేమో అనుకున్నాను. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "యాడ పట్టినవ్ గిది?" అని అడిగింది. జూబ్లీహిల్స్‌లో అని చెప్పాను. ఆ చోటు చూడాలంది.

ఆ తర్వాత నాలుగు నెలలు గడిచాయి. తాతలో వచ్చిన మార్పు బస్తీ మొత్తం చూసింది. శుక్రవారాలు బోరబండ వెళ్తాడు. యాదమ్మ మిషనుకు పాత కర్ర బల్ల విరిగితే కొత్తది చెక్కి ఇచ్చాడు. ఇన్నేళ్ళూ వదిలేసిన ఊరికి కూడా ఒకసారి వెళ్ళొచ్చాడు, లచ్చమ్మను, యాదమ్మను వెంటబెట్టుకుని. ఈ మధ్య మా స్టూడియోకు వచ్చి, మోకాళ్ళ నొప్పికి మంచి డాక్టరు ఎవరని అడిగాడు. ఇంతకుముందు నొప్పి అని ఎవరైనా అంటే, ఇంకెన్ని దినాలు అనేవాడు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు కావాలి.

నేను మాత్రం ఆ ఈల దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఆ ఫైలును ఇద్దరు సీనియర్లకు, కథ చెప్పకుండా, వినిపించాను. ఒకరు బయటి శబ్దం ఏదో కలిసిందన్నారు. ఎక్కడి నుంచి అంటే చెప్పలేకపోయారు. ఇంకొకరు నేనే ఎడిటింగ్‌లో కలిపి ఆటపట్టిస్తున్నానని నవ్వారు. కసురుతుందనుకుంటూనే అమ్మకు చెప్పాను. కసరలేదు. ఆ ముసలాయన పేరు అడిగి ప్రార్థనలో కలుపుకుంది.

పోయిన నెలలో లచ్చమ్మ మాట చెల్లించాం. స్టూడియో మేనేజర్‌ను అడిగి, ఒక సాయంత్రం ఐదింటికి ఆమెను, తాతను, యాదమ్మను తీసుకువెళ్ళాను. ఎండ ఇంకా ఉంది. పక్కన ఏదో పాట షూటింగుకు సెట్టు వేస్తున్నారు, మేకులు కొట్టే చప్పుడు. లచ్చమ్మ యాదమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచి ఆ రెండు బండల దగ్గరికి వచ్చింది.

"గీడనేనా?"

"ఇక్కడేనండీ" అన్నాను.

సందులోకి వంగి చూసింది. ఎండుటాకులు, ఒక ఖాళీ నీళ్ళ సీసా. బండ మీద చెయ్యి వేసి నిమిరింది. చుట్టూ చూసింది, గోడ అవతల లేచిన పెద్ద పెద్ద మేడల్ని చూసింది.

"ఆయన పట్నమే సూడలే బిడ్డా ఎన్నడు. గీడికి తొవ్వ ఎట్ల తెలిసిందంటవ్?"

తాత, "నేనున్న కాడికి వచ్చిండు" అన్నాడు.

లచ్చమ్మ ఆయన వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపమూ ఉంది, అప్పుడే మొదలవుతున్న నవ్వూ ఉంది.

"గంత దూరం వచ్చినోడు, బోరబండ దాక వచ్చి నాతోని ఒక మాట మాట్లాడిపోతే ఏమాయె?"

ముందు యాదమ్మ నవ్వింది. తర్వాత తాత. చివరికి ముగ్గురూ బండను ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. సెట్టు కుర్రాళ్ళు మేకులు కొట్టడం ఆపి మా వైపు చూశారు.

ఆ ఈల ఎవరిదో నాకు తెలియదు.